కొంగ మాస్టారు రాసిన లక్షణాలు

ఆఫ్రికా గడ్డిమైదానంలో ఒక పేడపురుగు ఏనుగు పేడను ఉండ చుట్టి, పొద్దున్నుంచీ వెనక్కాళ్ళతో నెట్టుకుపోతోంది. ఎండకు ఉండ గట్టిపడేలోపు గుంటలో పూడ్చి, అందులో గుడ్డు పెట్టాలి. ఇంతలో కొంగ మాస్టారు అడ్డొచ్చాడు.

"భయపడకమ్మా, తినను. నువ్వు ఏ జాతి పురుగువో తేల్చి రాస్తాను. ఉండ వదిలేసి ఇటు తిరుగు."

"గుడ్డు పెట్టే వేళ మాస్టారూ, త్వరగా కానివ్వండి."

కొంగ, పురుగు తల అంచున రంపంలా ఉన్న పళ్ళు లెక్కపెట్టాడు. ఆరు. నమ్మకం కుదరక మళ్ళీ లెక్కపెట్టాడు. "ముందుకాళ్ళకు పాదాలేవీ? ఎక్కడ పారేసుకున్నావు?"

"మా అమ్మకూ లేవండీ. ఇక వెళ్ళనా?"

"ఆగు, రెక్కలమీద గీతలున్నాయి."

ఆ గీతలు లెక్కపెడుతుండగా ఇంకో పురుగు వచ్చి ఉండను దొర్లించుకుపోయింది.

"అయ్యో, నా ఉండ!"

"కదలకు! లెక్క తప్పుతుంది."

చివరికి కొంగ దుమ్ములో ముక్కుతో రాసి, పైకి చదివాడు. "రంగు నలుపు. తలకు ఆరు పళ్ళు. ముందు పాదాలు లేవు. ఉండ చేసే అలవాటు లేదు."

"అలవాటు లేకపోవడమేంటి మాస్టారూ? మీరు ఆపబట్టే కదా పోయింది!"

"నా కళ్ళకు కనిపించిందే రాస్తానమ్మా."

వాదించే ఓపిక పురుగుకు లేదు. మళ్ళీ మొదటినుంచీ ఉండ చుట్టడానికి ఏనుగు పేడవైపు కాళ్ళీడ్చుకుంటూ బయల్దేరింది.

కొంగ తల పక్కకు వాల్చి కాసేపు చూసి, కింద ఇంకో ముక్క చేర్చాడు: "నడక బద్ధకం."