మూఢంలో మైకు

"కొట్టకు నాయినా! అది నీ లగ్గాల మైకు కాదు, పగుల్తది!"

అఖిల అరిచేలోపే కిష్టయ్య కొత్త మైకు నెత్తిన వేలితో టక్ టక్‌మని రెండు వేయనే వేశాడు. హఫీజ్‌పేటలో ఇరవై ఎనిమిదేళ్లుగా టెంట్ హౌసూ మైకు సెట్టూ నడుపుతున్న మనిషి. మైకు కనబడితే కొట్టకుండా ఉండమంటే కూతురి మాటైనా ఆ చెయ్యి వింటుందా?

పైగా మూఢం నడుస్తోంది. లగ్గాల్లేవు, ఫంక్షన్లు లేవు. షామియానాలు, పరదాలు, జంపఖానాలు అన్నీ వరండాలో గుట్టపడి ఉన్నాయి. పనిలేక వాటి యజమాని కూతురి పక్కన చేరాడు.

అఖిల ప్రాణం మాత్రం సాయంత్రం ఐదింటి మీద ఉంది. కథల పుస్తకాలు చదివించి ఫోన్లలో వినిపించే కంపెనీ ఒకటి మాదాపూర్‌లో ఉంది. వాళ్లకు గొంతు రికార్డు చేసి రెండుసార్లు పంపితే రెండుసార్లూ తిప్పికొట్టారు. "గొంతు బాగుందండీ, కానీ బావిలోంచి మాట్లాడినట్టుంది. ఇంట్లో వద్దు, మంచి స్టూడియోలో చేసి పంపండి. ఇవాళ ఐదింటికి ఆఖరు," అని అక్కడి ప్రియదర్శిని మేడమ్ పొద్దున్నే చెప్పేసింది. స్టూడియోకు పోయే తాహతే ఉంటే ల్యాప్‌టాప్ బయటపెట్టి, మైకుతో సహా దుప్పట్లో దూరి ఈ చెమటలు కక్కడం ఎందుకు? అప్పటికే మూడున్నర.

"ఏందే, గీ పచ్చగీత లేస్తలేదు?" అన్నాడు కిష్టయ్య స్క్రీన్ వంక చూస్తూ.

"నేను మాట్లాడితే లేస్తది నాయినా. నువ్వు జరుగు."

"నెత్తిన కొడితే ఎగిరి పడాలె గదా. గది జర వణికి ఊకుంది."

అఖిలకు అనుమానం వచ్చింది. మైకును గోకింది. గీత ఉలకలేదు. ల్యాప్‌టాప్‌ను గోకింది. గీత గంతేసింది. ఓరి దేవుడో! రెండు రోజులుగా కొత్త మైకును బొమ్మలా ముందు పెట్టుకొని, బయటున్న ల్యాప్‌టాప్ లోపలి మైకుకు కథలు చెబుతోందా తను? అదీ కంప్యూటర్ డిగ్రీ చేసి! తల కొట్టేసినట్టయింది. గబగబా సెట్టింగుల్లోకి వెళ్లి కొత్త మైకును ఎంచుకుంది. కిష్టయ్య మళ్లీ టక్‌మనిపించాడు. ఈసారి గీత పైకప్పు దాకా లేచింది.

"మరి కొట్టకు అంటివి?"

"తప్పయింది నాయినా. ఇగ చదువుత."

"జర ఆగు." కిష్టయ్య గది నడుమ నిలబడి ఒక్క చప్పట గట్టిగా చరిచి, చెవి ఒగ్గి విన్నాడు. "గోడలు నీకు ఎదురు మాట్లాడుతున్నయి బిడ్డా. ముందుగాల వీటి నోరు మూయాలె."

ఇక చూడాలి ఆయన హుషారు! మేకులు కొట్టాడు, తాళ్లు లాగాడు, నాలుగు గోడలకూ రెండేసి పొరల పరదాలు కట్టాడు. కింద జంపఖానాలు, కిటికీకి పరుపు, పైన మడతేసిన షామియానా. అరగంటలో పడగ్గది పెళ్లిపందిరైంది. మళ్లీ చప్పట చరిస్తే చప్పుడు అక్కడికక్కడే చచ్చింది. మైకును కూతురి నోటికి జానెడు దూరంలో నిలిపి, "పంతులుకైనా లీడర్‌కైనా గింతే దూరం పెడ్త నేను," అన్నాడు.

వంటింట్లో తల్లి అంజమ్మ కుక్కర్ దించేసి, కొంగు నోట్లో కుక్కుకొని కూర్చుంది. అఖిల చదివింది. ఎక్కడా తడబడలేదు. నాలుగూ యాభైకి పంపింది.

ఐదుంబావుకు ఫోన్ మోగింది. అఖిల స్పీకర్ నొక్కింది.

"చూశారా అఖిలగారూ, ఇంట్లో చేసినదానికీ స్టూడియోలో చేసినదానికీ ఎంత తేడానో!" అంది ప్రియదర్శిని. "ఎంపికయ్యారండీ. మొదటి పుస్తకం రేపట్నుంచే."

అంజమ్మ నోట్లోని కొంగు తీసి ఒక్క కేక పెట్టింది. అఖిల తండ్రి మెడకు చుట్టుకుపోయింది. ఎన్ని ఊరేగింపులకో మైకు పెట్టిన కిష్టయ్యకు కళ్లలో నీళ్లు ఆగలేదు.

"ఇంకొక్క మాటండీ. మా దగ్గర చదివే మరో నలుగురికి కూడా ఆ స్టూడియోనే కావాలి. ఎప్పుడెప్పుడు ఖాళీగా ఉంటుందో ఓనర్‌ని కాస్త కనుక్కుంటారా?"

అఖిల నోరు తెరిచి తండ్రి వంక చూసింది. కిష్టయ్య కళ్లు తుడుచుకొని, మీసం దువ్వి, ఒక పరదా పక్కకు తప్పించి గోడ మీది పంచాంగం క్యాలెండర్ చూశాడు.

"మూఢం ఉన్నన్ని దినాలు ఎప్పుడన్న రమ్మను బిడ్డా. ముహూర్తాలు షురువైతే మన స్టూడియో లగ్గాలకు పోతది!"