పక్క తెర

మొదటి గంట మోగింది.

చెల్లెలు స్టేజీ పక్క తెర చాటున నిలబడి డైలాగులు గొణుక్కుంటోంది.

హీరోయిన్ రాకపోతే పనికొస్తుందని వేషం నేర్పి, ఇన్నాళ్ళూ ఊరికే కూర్చోబెట్టిన పిల్ల. నిన్న రాత్రి ఉన్నట్టుండి ఆ వేషం ఆమెకే ఇచ్చారు. ఇవాళ నిలబడితే నటి. లేదంటే మళ్ళీ కుట్టుమిషనే.

హీరోయిన్ తాలూకు మనుషులు పొద్దున్నే టైలరింగ్ షాపుకొచ్చి మరీ చెప్పిపోయారు. “స్టేజీ ఎక్కితే కాళ్ళు విరగ్గొడతాం.”

అందుకే అన్న మెకానిక్ షెడ్డుకు సెలవు పెట్టి పక్కనే కాపలా ఉన్నాడు.

వెనక తలుపు కిర్రుమంది.

ఎవరో ముసలాయన. చేతికర్రతో కుంటుతూ నేరుగా చెల్లెలి దగ్గరికొచ్చాడు.

“బ్రేక్ ఎ లెగ్, తల్లీ!”

చెల్లెలి మొహం పాలిపోయింది.

అన్న ఆయన కాలరు పట్టుకున్నాడు. “ఏం కూశావ్?”

“అయ్యో, అది మంచి మాటే బాబూ...”

“బ్రేకులు బాగుచేసేవాణ్ణి, నాకే చెప్తావా? లెగ్ అంటే కాలని నాకు తెలీదా?”

“కాలు కాదయ్యా. ఇదిగో, ఈ తెర...” ముసలాయన పక్క తెర మీద చెయ్యి వేశాడు.

“నీ కాలు పోయిందని అందరివీ పోవాలా?”

ఆ చెయ్యి తెర మీంచి జారింది.

అన్న ఆయన్ని బయటికి నెట్టి గడియ పెట్టాడు.

“అన్నయ్యా, నావల్ల కాదు.”

“నేనున్నాగా! పదవే.”

రెండో గంట. చెల్లెలు కళ్ళు మూసుకుని తెర దాటింది.

ఆట అయ్యేసరికి హాలంతా లేచి నిలబడి చప్పట్లు.

డైరెక్టరు పరుగెత్తుకొచ్చాడు. “పెద్దాయన ఏరీ? నిన్ను దీవించొస్తానని ఇటే వచ్చారు. ముందు వరసలో ఆయన కుర్చీ ఖాళీగానే ఉంది.”

“ఎవరు సార్?”

“చేతికర్ర పట్టుకుని, కుంటుతూ...”

అన్న గడియ పెట్టిన తలుపు వైపు చూశాడు.

“కాలు విరగాలని శపించాడు సార్,” అంది చెల్లెలు.

“బ్రేక్ ఎ లెగ్ అన్నారా?” డైరెక్టరు తల పట్టుకున్నాడు. “నాటకాలవాళ్ళ దీవెనమ్మా అది! మంచి కోరితే చెడు ఎదురొస్తుందని తిరగేసి అంటారని కొందరు. చప్పట్లకి మోకాలు వంచడమని కొందరు. ఆయన మాత్రం పక్క తెరనే లెగ్ అంటారని చెప్తారు. దాని చాటున పడిగాపులు పడేవాళ్ళు తెర దాటి వెలుగులోకి రావాలనట.”

అన్న గడియ తీశాడు. సందు ఖాళీ.

“ఇంతకీ ఎవరు సార్ ఆయన?”

“ఈ నాటకం రాసింది ఆయనే. రిహార్సల్లో వెనక వరసలో కూర్చుని చూసి, ఈ వేషం తెర చాటునున్న ఆ పిల్లకివ్వకపోతే నా నాటకం ఆడొద్దని పట్టుబట్టిందీ ఆయనే.”