తడిసిన రీడు

న్యూ ఆర్లియన్స్‌లో వాద్యగాణ్ణి బ్యాండు వాయించకుండా సమాధికి పంపరు. తెల్లారితే ముసలి ట్రంపెట్ విద్వాంసుడు లూసియెన్ అంతిమయాత్ర.

ఓడీల్ దీపం ఎత్తి గోడమీది మొగుడి ఫొటో తుడిచింది. ఒళ్ళో సాక్సోఫోన్ పెట్టుకుని దర్జాగా కూర్చున్న ఆల్సీడ్. ఫొటో కింద గూట్లో, ఆ వాద్యానికి బిగించే రెల్లు రీడు. ఆయన పోయిననాటి నుంచీ ఎండి ఉన్నది, ఇవాళ వేలికి తడిగా తగిలింది.

"ఎవరు నానబెట్టారు అత్తయ్యా?" కోడలు వెర్నా కూడా రీడు తాకి చూసింది.

"వాయించబోయేవాడే నోట్లో పెట్టి నానబెట్టుకుంటాడు. మీ మావయ్య ఏ స్నేహితుణ్ణీ ఉత్తినే సాగనంపలేదే." ఓడీల్ తలెత్తుకుని ఆయన తెల్లచొక్కా ఇస్త్రీకి తీసింది.

వెర్నా తలుపు గడియ పెట్టబోయింది.

"ఉండనీ. రేపు ఊరంతా వింటుంది."

వెనకాల ఎవరో నిండుగా ఊపిరి పీల్చిన చప్పుడు. వెర్నా తిరిగి చూసింది. గూట్లో రీడు లేదు. ఫొటోలో సాక్సోఫోన్ ఒళ్ళో లేదు, ఆయన పెదాల మీదుంది.