అనక్లేతో బండిలో చీకటి

వ్యాను లోపలికి వస్తూ వస్తూనే షెడ్డు ముందున్న నీళ్ళ డ్రమ్మును గుద్దింది. డ్రమ్ము దొర్లింది. నీళ్ళన్నీ బండ్ల కరెంటు పని చేసే సబీనా పనిముట్ల మీదుగా పారాయి.

"కళ్ళు నెత్తికెక్కాయా?" అంటూ ఆమె స్పానర్ పట్టుకుని లేచింది. దిగిన మనిషిని చూసి ఆగిపోయింది.

అనక్లేతో తికోనా. ఆమె కూతురికి జ్ఞానతండ్రి. పదకొండేళ్ళ కింద యుంగాస్ లోయల లైను డ్రైవర్లంతా రాస్తారోకో చేస్తే, తొమ్మిదో రోజు తెల్లారేసరికి పోలీసు జీపు వెనకాలే బండి నడుపుకుంటూ పోయిన ద్రోహి. రోడ్డు మీద బైఠాయించిన సబీనా మొగుడి దవడ ఆ రోజే విరిగింది. అది సరిగ్గా అతక్కుండానే రెండేళ్ళకు మనిషి పోయాడు.

"ఏ మొహం పెట్టుకుని వచ్చావు?"

"ఉన్న మొహమే. మీటర్ల లైట్లు పోయాయి. రేడియో లైటు కూడా. రెండు నెలలైంది."

"విల్లా ఫాతిమా పేటలో ఎలక్ట్రీషియన్లంతా చచ్చారా?"

"ముగ్గురికి చూపించా. అందరూ దొంగ వెధవలే. ఒకడు ఏం కాలేదు పొమ్మన్నాడు. చెంప పగలగొట్టా. ఇంకొకడు బల్బులన్నీ కొత్తవి వేశానన్నాడు. రాత్రయితే మళ్ళీ అదే చీకటి గుయ్యారం. నా బండి ఎంత స్పీడులో పోతోందో పక్కన కూచున్న కోకా ఆకు మూటలామె చెప్పాలా నాకు? సిగ్గుచేటు!"

ఇక్కడి సగం బండ్లలాగే అదీ జపాన్‌లో పాతబడి ఓడెక్కి వచ్చిన సరుకు. స్టీరింగును ఊడదీసి ఎడమవైపుకు మార్చారు. మీటర్లను మార్చే ఓపిక ఎవడికుంది? అవి కుడివైపే, ప్యాసింజరు మోకాళ్ళ ముందు ఉండిపోయాయి.

"రేపు తెల్లవారుజామున నాలుగింటికి నా వంతు. కొరోయికో ఊరికి పన్నెండు మంది. ఈలోగా తేల్చు."

ఉమ్మేసి పంపేద్దామనుకుంది సబీనా. పన్నెండు మంది అన్న మాట ఆమెను ఆపింది. ఆ దారిలో ఒక పక్క కొండ. రెండో పక్క మబ్బు. మబ్బు కింద ఏముందో పడ్డవాళ్ళకే తెలుసు.

షెడ్డు షట్టర్ దించింది. పట్టపగలే చీకటి కమ్మింది. అతన్ని మీటర్ల ముందు కూర్చోమంది. తను స్టీరింగు దగ్గర కూర్చుని లైట్ల స్విచ్ తిప్పింది.

"చూశావా? బొగ్గుగని!" అన్నాడు అనక్లేతో.

సబీనా మీటర్ల వైపు చూసింది. అతని వైపు చూసింది.

వెలుతురు పెంచడానికీ తగ్గించడానికీ ఒక చిన్న చక్రం ఉంటుంది. తుడిచేటప్పుడు గుడ్డ తగిలి అది తిరిగిపోతే, లైట్లు పోయాయని లబలబలాడే డ్రైవర్లు బోలెడంత మంది. సబీనా దాన్ని చివరిదాకా తిప్పింది.

"ఇప్పుడు?"

"ఏం లేదు."

ఇటు చివరికి తిప్పింది. "ఇప్పుడు?"

"ఎన్నిసార్లు చెప్పాలే నీకు?"

"రేడియో బటన్ నొక్కు."

అతను తడుముకున్నాడు. యాష్‌ట్రే ఊడి చేతికొచ్చింది. ఆమే నొక్కింది. పాట వచ్చింది.

"పాట కాదు, లైటు కావాలి నాకు!"

వెనకుండే చిన్న ఎర్ర లైట్లకూ మీటర్ల లైట్లకూ ఒకటే ఫ్యూజు. సబీనా దిగి, వెనక్కి వెళ్ళి చూసి వచ్చింది.

"ఫ్యూజు కాదు," అంది. గొంతు మారింది. "వైరింగు మొత్తం కాలిపోయింది. ఈ బండి రోడ్డెక్కితే మంటలే. రెండు నెలలు ఇక్కడే ఉండాలి. ఇకీకే రేవు నుంచి సామాను రావాలి."

"రెండు నెలలా! లైనులో నా వంతు ఇంకొకడు ఎగరేసుకుపోతాడు!"

"పోనీ."

"లైట్లు లేకుండానే పోతా. నలభై ఏళ్ళు నడిపినోణ్ణి. ఆ దారి నా పాదాలకు తెలుసు. తాళం ఇయ్యి!"

సబీనా వంగింది. స్టీరింగు కింద చెయ్యి పెట్టి, స్టార్టరు వైరు బయటికి లాగి, కటింగ్ ప్లేయరుతో కొరికేసింది. ఠక్.

"ఇంద తాళం. తీసుకో."

అనక్లేతో పక్క సీటు నుంచే వంగి, తడుముకుని తాళం దూర్చి తిప్పాడు. ఇంజను మూలగను కూడా లేదు.

"పగ తీర్చుకుంటున్నావన్నమాట," అన్నాడు. "నీ కూతుర్ని ఈ చేతుల్తో ఎత్తుకుని జ్ఞానస్నానం చేయించినోణ్ణి. నా తిండి మీద కొడతావా? పదకొండేళ్ళు కాచుకుని కూచున్నావా దీనికోసం?"

"కూచున్నా. నువ్వు తొమ్మిది రోజులు ఆగలేకపోయావు. నేను ఆగా."

"దొంగముండా! బాగున్న బండిని చెడగొట్టావని యూనియన్‌లో చెప్తా. రేపట్నుంచి ఒక్క చక్రం కూడా నీ గుమ్మం తొక్కదు. అడుక్కుతింటావు!"

"చెప్పుకో. ఊరంతా చాటింపు వేయించు. సబీనా దొంగదని గోడల మీద రాయించు. అయినా రేపు నాలుగింటికి నీ బండి కదలదు."

అతను చెయ్యెత్తాడు. సబీనా స్పానర్ ఎత్తింది. ఇద్దరూ వెనక్కి తగ్గలేదు. చివరికి అతనే చెయ్యి దించాడు.

ఆమె షట్టర్ ఎత్తింది. "దిగేచోట మెట్టుంది, చూసుకో."

"తెలుసులేవే! నీ దగ్గర నేర్చుకోవాలా!"

అంటూనే బండి దిగబోయి మెట్టు తప్పి తూలాడు. దొర్లిన డ్రమ్మును ఒక తన్ను తన్ని, ఆమె వంశాన్నంతా తిడుతూ వీధిలోకి పోయాడు. ఎదురింటి టీ కొట్టులో తలలు అప్పుడే బయటికి వచ్చాయి. రేపటికల్లా లైను మొత్తానికి తెలుస్తుంది.

సబీనా వాళ్ళ మొహం మీదే షట్టర్ దించేసింది. వ్యాను దగ్గరికి వచ్చింది.

లోపలికి చెయ్యి పెట్టి స్విచ్ ఆపింది. ఇందాక అతని మోకాళ్ళ ముందు వెలిగినప్పటి నుంచి ఇప్పటిదాకా పచ్చగా, నిక్షేపంగా వెలుగుతూనే ఉన్న మీటర్లూ, రేడియో అంకెలూ అప్పుడు ఆరిపోయాయి.