ఐదో గదిలో పడుకోని మనిషి

"రెండు రోజులైంది అమ్మగారూ. ఐదో గదిలో తలగడ కూడా నలగలేదు," అంది బసీమా, చీపురు గోడకు ఆనించి.

"మరి ఆ పెద్దాయన ఎక్కడ పడుకుంటున్నాడు?" అడిగింది ఇన్సాఫ్.

"పడుకోడు. గదికి తాళం వేసి, తలుపు ముందు కుర్చీ వేసుకు కూర్చుంటాడు. తాళంచెవి గుప్పెట్లోంచి వదలడు, నేను ఊడ్చేటప్పుడే తెరుస్తాడు."

ఇన్సాఫ్ టీ గ్లాసు కింద పెట్టేసింది.

అన్న పోయాక, మొన్న వేసవిలోనే ఆమె తంతా నుంచి అలెగ్జాండ్రియాకు వచ్చి ఈ ఏడు గదుల హోటలు చేతిలోకి తీసుకుంది. అన్న దగ్గర పనిచేసినవాళ్లు ఒక్కొక్కరే మానుకున్నారు. బసీమా కొత్త మనిషి. పోయిన నెల ఒక పెద్దమనిషి స్నానాలగది కుళాయిలు విప్పి పెట్టెలో సర్దుకుపోయాడు. ఇంకొక్క దెబ్బ తగిలితే హోటలు మూసుకుని చెల్లెలి గడప తొక్కాలి.

ఇప్పుడీ వగ్దీ ఒకడు. బూడిదరంగు కోటు, చిన్న సంచీ. వచ్చీరాగానే "ఐదో గదే కావాలి" అన్నాడు. సముద్రం గాలి నేరుగా తగిలే మూలగది అది.

పొద్దున ఫలహారం బల్ల దగ్గర ఆయన గొంతు వినిపించి ఇన్సాఫ్ గుమ్మం వెనక ఆగింది.

ఎదురుగా అస్యూత్ నుంచి వచ్చిన కొత్త దంపతులు, హాతిమ్, షైమా, రొట్టె తుంచి ఉడికిన చిక్కుళ్లలో అద్దుకు తింటున్నారు.

"రేపు కాసిం వస్తాడు, జాగ్రత్త," అంటున్నాడు వగ్దీ.

"కాసిం ఎవరు తాతా, మీ తమ్ముడా?" అన్నాడు హాతిమ్.

షైమా ఫక్కున నవ్వింది.

"ఏటా డిసెంబరు నాలుగో తేదీకి దిగే చుట్టం నాయనా. గాలివాన. ఈ ఊళ్లో ప్రతి గాలివానకూ ఒక పేరుంది. వాన మొదలైతే లిఫ్ట్ ఎక్కొద్దు, కరెంటు పోతుంది. కూజా ముందే నింపి పెట్టుకోండి. మంచం కిటికీకి దూరంగా జరుపుకోండి."

"ఇంకా?"

ఆయన షైమా వైపు తిరిగాడు. "కిటికీ రెక్కలు టపటపా కొట్టుకుంటే కొట్టుకోనీ తల్లీ. విరిగితే విరగనీ. వేద్దామని మాత్రం బాల్కనీలో కాలు పెట్టకు."

ఇన్సాఫ్ ఒళ్లు మండింది. కాసిం ముందు ఈ ఊళ్లో ప్రతి ఇల్లూ రెక్కలు బిగించి కొక్కెం వేసుకుంటుంది. వచ్చిన ఆరు నెలల్లో ఆమెకు కూడా ఆ సంగతి తెలిసింది. వీడేమో తెరిచి ఉంచమంటున్నాడు!

"ఎవడు ఎక్కి రావడానికో?" అంది వంటింట్లోకి వెళ్లి.

"కుళాయిల ముఠాయేమో అమ్మగారూ," అంది బసీమా.

గంటలో వగ్దీ సంచీ మెట్ల దగ్గరికి వచ్చింది.

"గది ఖాళీ చెయ్యండి," అంది ఇన్సాఫ్.

"నేను వెళ్తానమ్మా. గది మాత్రం ఈ నాలుగు రోజులూ ఎవరికీ ఇవ్వకు. అద్దె నాదే."

"పడుకోనివాడికి గదెందుకు?"

"ఆ మాట మీ అన్న ఎప్పుడూ అడగలేదు."

"పోయినవాడి పేరు చెప్పి నన్ను బుట్టలో వెయ్యకండి."

ఆయన తాళంచెవి బల్ల మీద పెట్టి, మెట్లు దిగిపోయాడు.

ఆ పూటే ఇన్సాఫ్ ఐదో గదిని కొత్త దంపతులకు ఇచ్చింది. షైమా సముద్రం చూసి చప్పట్లు కొట్టింది.

మర్నాడు తెల్లవారేసరికి ఆకాశం సీసంలా ఉంది.

"అమ్మగారూ, ఆ ముసలాయన వెళ్లలేదు!" బసీమా పరుగున వచ్చింది. "ఎదురు మూలన టీకొట్టులో కూర్చుని మన ఐదో గది వంకే చూస్తున్నాడు."

"చూడనీ. వాన తగ్గగానే పోలీసుల్ని పిలుస్తాను."

వాన తగ్గలేదు. కరెంటు పోయింది. గాలి మేడను పట్టి ఊపింది. పైన పెళపెళమని చప్పుడు, ఆ వెంటనే వీధిలో ఏదో పడి బద్దలైంది.

ఇన్సాఫ్ రొప్పుతూ మెట్లెక్కింది.

ఐదో గది కిటికీ రెక్క ఊడి, బాల్కనీ కటకటాలను కూడా పెరుక్కుని కిందికి పోయింది. షైమా గది మధ్యలో నిలబడి ఉంది. హాతిమ్ ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ముందే కొక్కెం వేసుకోలేదా?"

"వేశానత్తా. ఊడిపోయింది. మళ్లీ వేద్దామని బాల్కనీ గుమ్మం దాకా వెళ్లాను. కింద... తాత. వానలో, నడివీధిలో నిలబడి రెండు చేతులూ ఊపుతున్నాడు. వద్దు, వద్దు అని. ఆగిపోయాను. అంతే..."

ఇన్సాఫ్ శాలువా కూడా కప్పుకోకుండా వీధిలోకి పరుగెత్తింది. టీకొట్టులో ఆయన బల్ల మీద సగం తాగిన గ్లాసు, కుర్చీ కింద నీటి మడుగు.

"ఆ పిల్ల లోపలికి జరగడం చూసి కూలబడ్డాడు," అన్నాడు కొట్టతను. "ఏడ్చాడో, వానో తెలియలేదు. స్టేషన్ వైపు వెళ్లిపోయాడు."

"మళ్లీ వస్తానన్నాడా?"

"ఇక రానక్కర్లేదన్నాడు."

స్టేషన్‌కు చేరేసరికి రైలు వెళ్లిపోయింది.

తడిబట్టలతోనే అన్న బీరువా తెరిచి, వచ్చిపోయేవాళ్ల పేర్లు రాసే పాత పుస్తకాలు కింద పరిచింది. ప్రతి ఏడూ డిసెంబరు మొదటి వారంలో అన్న చేతిరాత: "ఐదో గది. వగ్దీ, ఒక్కరు. ఇంకెవరికీ ఇవ్వరాదు."

అట్టలూడిన పుస్తకం దాకా వెనక్కి వెళ్లింది.

నలభై రెండేళ్ల కిందట, డిసెంబరు నాలుగు దగ్గర, సిరా అలుక్కుపోయి ఉంది: "ఐదో గది. వచ్చినవారు ఇద్దరు, వగ్దీ, ఆయన కొత్త పెళ్లికూతురు సల్మా. వెళ్లినవారు ఒక్కరు."