గణపతి గదిల లైటు

గణపతి ఇంట్లనే ఉన్నడని ఎదురింటి పోలీసాయన నమ్మాలె. రైల్ రోకో అయిపోయేదాక నమ్మితే చాలు.

కొడుకు పట్టాల మీద కూసునుడు తల్లి రాజీకి ఒక భయం, దొరికితే జైల్ల కూసునుడు ఇంకో భయం. కుడికన్ను అదిరినా ఎడమకన్ను అదిరినా చెడుకే అని లెక్కగట్టే మనిషి ఆమె. మానుకోట టౌనుల తెలంగాణ ఉద్యమం పిల్లలను ఇండ్లు కదలనియ్యొద్దని ఎస్సై హుకుం వేసిండు. వాళ్ల లీడర్ గణపతి మీద కన్నేసి ఉంచేటందుకు కానిస్టేబుల్ కాటమయ్యను ఎదురుంగ జహీరా బేగం ఇంటి మీది గదిల దించిండు.

గణపతి ఏం పరేషాన్ కాలేదు. హైదరాబాదు నుంచి తెచ్చిన టైమర్ డబ్బాను తన గది ప్లగ్గుల గుచ్చి, దానికి టేబుల్ లైటు, రేడియో తగిలించిండు. చెప్పిన యాళ్లకు అవే మోగుతయి, అవే ఎలుగుతయి, అవే ఆరుతయి. లోపల బ్యాటరీ ఉందట, కరెంటు కోతల్ల గూడ టైము మరువదట. దాన్ని ముట్టకుంట నన్ను పిలుచుకుంట తిరుగు సాలని తల్లికి చెప్పి, ఎనుక దొడ్డి నుంచి రైల్ రోకో జరిగే జనగామ బాట పట్టిండు.

రాజీ మూసిన తలుపు ముందు నిలవడి అన్నం తినమని బతిమాలింది. తినలేదని తిట్టింది. సదివి సదివి కండ్లు పోతయని శోకం పెట్టింది. ఆఖరుకు పళ్లెం లోపలికి తీస్కపోయి తనే తిన్నది. రెండు పాళ్ల తిండితోని కడుపు ఉబ్బింది గాని, ఎదురు కిటికీ దిక్కు నిండుగ చూసే ధైర్యం మాత్రం రాలేదు. పరద ఎనుక ఖాకీ అంగీ ఊగినా లోపలికి ఉరికేది.

జహీరా బేగం ఒకటే తీర్గ వచ్చి, సాబ్ కన్ను మీ ఇంటి మీదనే ఉంది, జర పైలం అని చెవుల ఊది పోయేది. దాంతోని రాజీ శోకం వాడ చివరిదాక వినవడేది.

మరునాడు పొద్దుగూకంగ మైకు కట్టిన ఆటో వచ్చింది. తెలంగాణ కోసం ఇయ్యాల అందరు లైట్లు బంద్ పెట్టాలన్నరు. గణపతి పోయినంక పుట్టిన పిలుపు అది. డబ్బాకు ఏం తెలుసు?

వాడంత చీకటైంది. జనం గడపల మీద కూసోని నవ్వుకుంట జై తెలంగాణ అంటున్నరు. రెండు కిటికీలే ఎలుగుతున్నయి. ఒకటి పోలీసాయనది, సర్కారు కొలువు గనుక ఆర్పలేదనుకోవచ్చు. ఇంకోటి ఉద్యమం లీడర్ది.

అప్పుడే మూల మీద ఎస్సై జీపు తిరిగింది. రాజీ లోపలికి ఉరికి, చేతికందిన డబ్బాను గోడ నుంచి పీకేసింది. తిరిగొచ్చేసరికి ఎస్సై వాకిట్ల ఉన్నడు.

"ఏమ్మా, ఊరంతా ఆర్పేస్తే మీవాడి లైటు ఇప్పటిదాకా వెలిగింది. లీడరు మర్చిపోయాడా, అసలు ఇంట్లో లేడా?"

ఇన్నేండ్ల భయమంత ఒక్కపారి రాజీకి అక్కెరకొచ్చింది.

"పరీచ్చలున్నయి సారూ. ఉద్యమం ఆడనే ఉంటది, సదువు బిడ్డా అని నేనే కాళ్లు మొక్కి లైటు ఏపిచ్చిన. గిప్పుడే అలిగి ఆర్పి ముసుగు తన్నిండు. మీరు లేపుతే ఆ కోపంల సక్కగ పట్టాల మీదికే పోతడు. జర పుణ్యముంటది."

నిజంగనే ఏడుస్తున్న ఆ మొఖాన్ని ఎస్సై టార్చి ఏసి చూసిండు. ఎదురుంగ మీది కిటికీల లైటూ చూసిండు.

"మా కాటమయ్య మేలుకునే ఉన్నాడు. వాడి కళ్లుగప్పి పిల్లి కూడా కదల్లేదు" అని మురిసి జీపెక్కిండు.

జీపు మలుపు తిరిగినంక రాజీకి పాణం లేచొచ్చింది. ఇంత జరిగినా ఆ కానిస్టేబుల్ కిటికీల నుంచి ఒక్క మాట అనలేదు. పోలీసుల్ల గూడ కడుపున పుట్టిన పిల్లలున్నోళ్లు ఉంటరనుకుంది. పొయ్యి మీది కోడికూర గిన్నెకెత్తి, సాబ్‌కు ఇయ్యిమని జహీరా బేగం చేతిల పెట్టింది.

జహీరా బేగం గిన్నెను తిరిగి ఆమె ఒళ్లెనే పెట్టి, నవ్వు ఆపుకోలేక కొంగు నోట్ల కుక్కుకున్నది.

"దీన్ని జనగామ దాక ఎవలు మోస్తరు రాజక్కా? సాబ్ గూడ మీ గణపతితోని పట్టాల మీద కూసునేటందుకే పోయిండు, ఆ కిటికీల ఎలిగేది గూడ మీవోడు గుచ్చిపోయిన ఇంకో డబ్బానే."