బార్లీ గంప వెనక

"కాళ్లకి ఆ నెత్తురేంటే, లెలిసె?" కూతురు చాల్తుతో పాటు అడవిలో పరుగు సాధన చేసి తిరిగొచ్చిన దాని నేస్తాన్ని చూసి బెకెలు అదిరిపడింది.

"రాళ్లు పిన్నీ. చాల్తు బూట్లు కనపళ్లేదుగా, నావిచ్చా."

"దాన్నొదిలేసి నువ్వెళ్లొచ్చుగా!"

"ఒక్కదాన్నే పరిగెత్తాలా? ఇంజెరా రొట్టె ఎవరికీ పెట్టకుండా దాచుకుని తిన్నట్టుంటుంది."

అడవిలో దుమ్ములగొండి కూతుర్ని ఎత్తుకుపోతుందేమోనన్న భయంతో ఆ బూట్లు దాచింది బెకెలే. వేన్నీళ్లతో ఆ పిల్ల పాదాలు కడగసాగింది.

"బూట్లని ఎలకలు లాక్కుపోయాయేమో," అంది తలెత్తకుండా.

చాల్తు పెరట్లోకి వెళ్లగానే లెలిసె గొంతు తగ్గించింది. "పొద్దున్నే చూశా పిన్నీ. బార్లీ గంప వెనకనుంచి బూటు లేసు వేలాడుతోంది. దానికి చెప్పలేదులే."

బెకెలు గంప జరిపి బూట్లు తీసింది.

"చాల్తూ!" వీధంతా వినబడేలా పిలిచింది. "నీ బూట్లు నేనే దాచానే. ఇలా రా."